అమ్మ పేరిట క్యాన్సర్ పరిశోధనకు నిధి: ఎవరికి ఇవ్వాలి, ఎంత కాలానికి ఇవ్వాలి?

ప్రశ్న: మా అమ్మగారు క్లోమగ్రంథి క్యాన్సర్‌తో కిందటి సంవత్సరం కన్నుమూశారు. వ్యాధి బయటపడేనాటికే చేయి దాటిపోయిందని వైద్యులు చెప్పారు. ఆమె పేరిట ఏదైనా మంచి పని చేయాలని నాన్నగారు, అన్నయ్య, నేను కలిసి కొంత మొత్తం పక్కన పెట్టాము. అది ప్రయోగశాల కట్టించేంత పెద్ద మొత్తం కాదు గానీ, ఒకరిద్దరు పరిశోధకుల జీతాన్నీ ఖర్చులనూ కొన్నేళ్లపాటు భరించడానికి సరిపోతుంది. క్యాన్సర్ జీవరసాయన శాస్త్రంలో పనిచేసే యువ శాస్త్రవేత్తలకు దాన్ని ఇవ్వాలని నా కోరిక. అన్నయ్య మాత్రం ఆ డబ్బును క్లోమగ్రంథి క్యాన్సర్‌కు మందు కనిపెట్టే పనికే వాడాలనీ, మూడేళ్లలో ఫలితం కనిపించాలనీ, అది కుదరకపోతే ఏదైనా పరిశోధన సంస్థకు ఒక పరికరం కొనివ్వడమే మేలనీ అంటున్నాడు. మేమెవరమూ సైన్సు చదివినవాళ్లం కాము. ఎవరికి, ఏ పద్ధతిలో, ఏ షరతులతో ఇవ్వాలో చెప్పగలరా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మగారు పోయిన ఏడాదికే మీ ముగ్గురూ కూర్చుని ఇలాంటి విషయం ఆలోచిస్తున్నారంటే, ఆవిడ మీకు ఎంతటి మనిషో నాకు అర్థమవుతోంది. మీ ప్రశ్నకు నా జవాబు ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. మీ డబ్బును ఫలితానికి కాకుండా మనిషికి ఇవ్వండి. ఆ మనిషికి కనీసం నాలుగేళ్ల నిశ్చింత ఇవ్వండి. ఎంపిక బాధ్యతను ఆ పనిలో అనుభవమున్న సంస్థకు అప్పగించండి. మీ అన్నగారి ఆవేదనలో న్యాయం ఉంది కాబట్టి, ఆయన అడుగుతున్న రెండు షరతులను తోసిపుచ్చకుండా ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటిది, డబ్బు క్లోమగ్రంథి క్యాన్సర్‌కే వెళ్లాలన్నది. ఆ వ్యాధిలో అత్యధికంగా కనిపించే రకంలో పదింట తొమ్మిది కణితుల్లో కేరాస్ అనే జన్యువు చెడిపోయి ఉంటుంది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను కణానికి పెరగమని ఆజ్ఞ ఇచ్చే మీట వంటిది. చెడిపోయినప్పుడు ఆ మీట వేసిన స్థితిలోనే ఉండిపోతుంది. ఈ సంగతి తెలిసింది క్లోమగ్రంథిని పరిశీలించినవారి వల్ల కాదు. 1960లలో ఎలుకల్లో ఒక రకం కణితులను పుట్టించే వైరస్‌లను అధ్యయనం చేసినవారి పని నుంచి కేరాస్ కూడా చేరిన రాస్ అనే జన్యువుల కుటుంబం వెలుగులోకి వచ్చింది. 1982లో మనిషి మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో అదే కుటుంబానికి చెందిన జన్యువులో ఒక్క అక్షరం మారిందని తేలింది. క్లోమగ్రంథి కణితులకూ కేరాస్‌కూ గల సంబంధం స్థిరపడింది ఆ తరువాత కొన్నేళ్లకే. 1970లలో ఎవరైనా దాత తన డబ్బు క్లోమగ్రంథి క్యాన్సర్‌కు మాత్రమే వెళ్లాలని గట్టిగా పట్టుబట్టి ఉంటే, ఆ వ్యాధి మూలాన్ని చూపించిన పరిశోధనకు అందులో ఒక్క రూపాయి కూడా అందేది కాదు.

కథ అక్కడితో ఆగలేదు. కేరాస్ ప్రోటీను మీద మందు పట్టు దొరకదని దాదాపు ముప్ఫై ఏళ్లు చాలామంది నమ్మారు. అది జీటీపీ అనే అణువును అసాధారణమైన బిగువుతో పట్టుకుంటుంది, ఆ అణువు కణంలో పుష్కలంగా ఉంటుంది, మందు నిలబడడానికి ప్రోటీను ఉపరితలం మీద చెప్పుకోదగ్గ గుంట ఏదీ కనబడలేదు. 2013లో అమెరికా శాస్త్రవేత్త కెవన్ షోకాట్ ప్రయోగశాల ఆ ప్రోటీను యొక్క ఒక చెడిన రూపంలో అంతవరకు ఎవరూ చూడని గుంటను చూపించింది. ఆ పత్రంలో ముందు వరుసలో నిలిచిన పేర్లు ఒక విద్యార్థివి, పోస్ట్‌డాక్‌లవి, అంటే డాక్టరేటు పూర్తిచేసి మరొకరి ప్రయోగశాలలో పనిచేసే యువ శాస్త్రవేత్తలవి. ఆ దారిలో వచ్చిన తొలి మందు సోటోరాసిబ్‌కు 2021లో అమెరికాలో అనుమతి లభించింది, అదీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు. ఆ ప్రత్యేక రూపం క్లోమగ్రంథి కణితుల్లో చాలా అరుదు. అక్కడ ఎక్కువగా కనిపించే మరో రూపానికి ఇప్పుడు మందులు పరీక్షల దశలో ఉన్నాయి. అవయవం పేరు రోగికీ వైద్యుడికీ ముఖ్యం. కణం లోపల జరిగే రసాయన చర్యలకు ఆ హద్దులు లేవు. కాబట్టి ఒప్పందంలో క్లోమగ్రంథిని నిబంధనగా కాక ప్రాధాన్యంగా రాయండి: ఇద్దరు అభ్యర్థులు యోగ్యతలో సమానంగా నిలిచినప్పుడు, ఎవరి ప్రశ్నకు జవాబు ఆ వ్యాధికి ఉపయోగపడే అవకాశం ఎక్కువో వారికి మొగ్గు చూపవచ్చునని. అన్నగారి మాటకు అందులో గౌరవం ఉంటుంది, శాస్త్రజ్ఞుడి చేతులకు సంకెల పడదు.

రెండవది మూడేళ్ల గడువు. క్యాన్సర్ జీవరసాయన శాస్త్రంలో ఇటీవలి కాలంలో అతి వేగంగా సాగిన ఒక ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఐడీహెచ్ అనే జీవక్రియ ఎంజైము కొన్ని మెదడు కణితుల్లో చెడిపోతుందని 2008లో బయటపడింది. చెడిన ఎంజైము తన పాత పని వదిలి, కణంలో మామూలుగా అంతగా ఉండని ఒక పదార్థాన్ని పోగుచేస్తుందని 2009లో తేలింది. ఆ ఎంజైముల కుటుంబాన్ని అడ్డుకునే తొలి మందుకు, ఒక రకమైన రక్త క్యాన్సర్ కోసం, 2017లో అనుమతి వచ్చింది. అంటే మంచి ప్రశ్న, స్పష్టమైన జవాబు, కంపెనీల భారీ పెట్టుబడి మూడూ కలిసివచ్చినా దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. మూడేళ్లలో మందు చూపించమని అడిగితే నిజాయితీపరుడైన యువ శాస్త్రవేత్త దరఖాస్తే పెట్టడు. పెట్టినవాడు ఇవ్వలేని మాట ఇస్తాడు. ఈ రెండింటిలో ఏది జరిగినా అమ్మగారి పేరుకు శోభ కాదు.

ఆ మూడేళ్లూ ప్రయోగశాలలో ఎలా గడుస్తాయో బయటివారికి తెలియదు గనుక కొంచెం వివరంగా చెబుతాను. ఒక ఎంజైమును అధ్యయనం చేయాలంటే ముందు దాన్ని బ్యాక్టీరియాలోనో కీటక కణాల్లోనో తయారుచేయించాలి. తయారైన ప్రోటీను తరచుగా సరిగా ముడుచుకోకుండా ఉండకట్టి పనికిరాకుండా పోతుంది. దాన్ని కరిగి ఉండేలా చేసి, మిగతా వేలాది ప్రోటీన్ల నుంచి వేరుచేసి, దాని చురుకుదనాన్ని కొలిచే పరీక్షను నమ్మదగ్గదిగా నిలబెట్టడానికే మొదటి సంవత్సరం గడిచిపోతుంది. తరువాత అదే సంగతి బతికి ఉన్న కణంలో కూడా నిజమేనా అని చూడాలి: గుర్తుపట్టదగిన కార్బన్ పరమాణువులతో చేసిన గ్లూకోజును కణాలకు ఇచ్చి, ఆ కార్బన్ ఏ పదార్థంలోకి చేరిందో పదార్థాలను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రంతో వెతకాలి. ఆ యంత్రం మీద సమయం కోసం వరుసలో నిలబడాలి. వచ్చిన ఫలితాన్ని మరో రకం కణాల్లో, మరో పద్ధతిలో సరిచూసుకోవాలి. ఈ సరిచూసుకోవడమే పరిశోధనకు ప్రాణం, గడువు తరుముకొస్తున్నప్పుడు మొట్టమొదట వదిలిపెట్టేదీ ఇదే. తొందరలో ప్రచురించిన తప్పుడు ఫలితం వెంట పది ప్రయోగశాలలు పరిగెత్తితే ఆ నష్టాన్ని ఏ దాతా పూడ్చలేడు. నాలుగేళ్లు, వీలైతే అయిదేళ్లు అని నేను అనడానికి కారణం ఇదే.

దీనికి తెలుగువారికి బాగా తెలిసిన ఒక ఉదాహరణ ఉంది. 1920ల మొదట్లో యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాకు చదువుకోవడానికి వెళ్లినప్పుడు, మామగారు సమకూర్చిన డబ్బుతో పాటు మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం ఆయనకు అండగా నిలిచింది. ఆయన వెళ్లింది ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదవడానికి; క్యాన్సర్ మాట ఆనాడు ఎవరి మనసులోనూ లేదు. 1925లో హార్వర్డ్ జీవరసాయన శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి ఆయన ప్రచురించిన భాస్వరం కొలిచే పద్ధతి జీవరసాయన ప్రయోగశాలలన్నింటికీ నిత్యావసరం అయింది. రెండు దశాబ్దాల తరువాత ఆయన నాయకత్వంలో లెడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో, కణాలు పెరగడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లం అనే విటమినుకు విరోధులైన పదార్థాలు తయారయ్యాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ సోకిన పదహారుమంది పిల్లలకు ఇచ్చి, పదిమందిలో తాత్కాలికంగానైనా వ్యాధి వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. రసాయన చికిత్స చరిత్రలో అది మొదటి గట్టి అడుగుల్లో ఒకటి. ఆ ధర్మసంస్థ మూడేళ్లలో క్యాన్సర్ మందు కావాలని అడగలేదు. చదువు పట్ల ఆకలి ఉన్న ఒక యువకుడిని నమ్మింది, అంతే.

ఇక పరికరం సంగతి. దాని గురించి ఎక్కువ చెప్పవలసిన అవసరం లేదు. యంత్రం కొన్నంత మాత్రాన నడవదు. నిర్వహణ ఒప్పందానికీ, నడిపే సాంకేతిక నిపుణుడికీ ప్రతి సంవత్సరమూ డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరిస్తారో ముందే తేలకుండా యంత్రం ఇవ్వడం ఆ సంస్థ మీద భారం వేయడమే అవుతుంది. మీ వద్ద ఉన్నపాటి మొత్తానికి అది సరైన దారి కాదు.

యువ శాస్త్రవేత్త అనే మాటకు పరిధి మీరే నిర్ణయించుకోవాలి. డాక్టరేటు కోసం పనిచేసే విద్యార్థి ఒక దశ, డాక్టరేటు తరువాత మరొకరి ప్రయోగశాలలో పనిచేసే పోస్ట్‌డాక్ మరొక దశ, సొంత ప్రయోగశాల మొదలుపెట్టిన తొలి సంవత్సరాలు మూడవ దశ. విద్యార్థులకు ఎలాగోలా ఏదో ఒక ఆధారం దొరుకుతుంది. అసలు అగాధం రెండవ దశకూ మూడవ దశకూ మధ్య ఉంది. ప్రభుత్వ గ్రాంటు కావాలంటే ప్రాథమిక ఫలితాలు చూపించమంటారు. ఆ ఫలితాలు రావాలంటే ముందు గ్రాంటు కావాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ప్రధాన గ్రాంటును తొలిసారి అందుకునేవారి సగటు వయసు నలభై దాటిపోయింది. మనిషి ఆలోచనలో చురుకూ ధైర్యమూ ఎక్కువగా ఉండే కాలమంతా ఇతరుల ప్రశ్నలకు జవాబులు వెతకడంలోనే గడిచిపోతోందన్నమాట. మీ నిధి ఈ అగాధం మీదనే నిలబడాలని నా గట్టి అభిప్రాయం: పోస్ట్‌డాక్ చివరి సంవత్సరాల్లో మొదలై, ఆ వ్యక్తి సొంత ప్రయోగశాలకు మారినప్పుడు అతనితో పాటే వెళ్లగలిగే సాయం కావాలి. అర్హతను వయసుతో కాక డాక్టరేటు వచ్చిన తరువాత గడిచిన సంవత్సరాలతో లెక్కించమనండి. అందులోనూ ప్రసవానికీ, పిల్లల పెంపకానికీ, అనారోగ్యానికీ, ఇంట్లో రోగిని చూసుకోవడానికీ పోయిన కాలాన్ని మినహాయించమనండి. ఈ చిన్న వాక్యం లేకపోవడం వల్ల ఎందరో ప్రతిభావంతులైన స్త్రీలు దరఖాస్తు దశలోనే పోటీ నుంచి తప్పుకుంటున్నారు.

సొంతంగా ట్రస్టు పెట్టుకోవాలా, ఉన్న సంస్థతో కలవాలా అన్నది తరువాతి ప్రశ్న. కుటుంబం పేరిట మొదలై గొప్పగా నిలిచిన సంస్థలు లేకపోలేదు. అమెరికాలో జేన్ కాఫిన్ చైల్డ్స్ అనే ఆమె పేరిట స్మారక నిధిని ఆమె భర్త, సోదరి కలిసి 1937లో స్థాపించారు. క్యాన్సర్ మూలాలను వెతకడం దాని తొలి లక్ష్యం. అది తరాలుగా యువ పోస్ట్‌డాక్‌లకు ఫెలోషిప్‌లు, అంటే కొన్నేళ్లపాటు జీతమూ ఖర్చులూ భరించే సాయం ఇస్తూ, వ్యాధి పేరు కంటే జీవక్రియల మూలాలనే ఎక్కువగా పట్టించుకుంటూ వస్తోంది. డేమన్ రన్యన్ అనే పాత్రికేయుడు 1946లో గొంతు క్యాన్సర్‌తో మరణించగా, ఆయన మిత్రుడు వాల్టర్ వించెల్ రేడియోలో చేసిన విజ్ఞప్తికి శ్రోతలు పంపిన విరాళాలతో మరొక సంస్థ పుట్టింది. ఈనాడు అది తన పోస్ట్‌డాక్‌లకు నాలుగేళ్ల ఫెలోషిప్ ఇస్తుంది. పాలనా ఖర్చులను వేరే ఆదాయం నుంచి భరించి, విరాళాలను పూర్తిగా పరిశోధనకే వినియోగిస్తానని చెబుతుంది. బ్రిటన్‌లోని వరల్డ్‌వైడ్ క్యాన్సర్ రీసెర్చ్ ఏ దేశంలోని ప్రయోగశాలకైనా సాయం చేసే సంస్థ. వీటి వెనుక ఉన్నది డబ్బు ఒక్కటే కాదు. వందల దరఖాస్తులను చదివి, వాటిలో మెరిసేదేదో నిలిచేదేదో వేరుచేయగల శాస్త్రవేత్తల సంఘం ఉంది. ఆ సంఘాన్ని కొత్తగా కూర్చడానికి మీకు సంవత్సరాలు పడతాయి, నిధిలో చెప్పుకోదగ్గ భాగం దానికే కరిగిపోతుంది. కాబట్టి ఇలాంటి ఒక సంస్థలో అమ్మగారి పేరిట ఒక ఫెలోషిప్ నెలకొల్పమని నా సలహా. పేరు పెట్టే ఏర్పాటు చాలా సంస్థల్లో ఉంటుంది. లేనిచోట కూడా అడగడంలో తప్పులేదు.

సంస్థను ఎంచుకునే ముందు మీరు అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి, వాటికి జవాబులు లిఖితపూర్వకంగా తీసుకోండి. దరఖాస్తులను ఎవరు చదువుతారు, తమ విద్యార్థి లేదా సహోద్యోగి పోటీలో ఉన్నప్పుడు వారు పక్కకు తప్పుకుంటారా? ఫెలో వేరే ప్రయోగశాలకు, వేరే దేశానికి మారితే డబ్బు అతనితో వెళుతుందా? ఒక సంవత్సరంలో ఖర్చు కానిది తరువాతి సంవత్సరానికి మిగులుతుందా? ఫెలోకు అదే పనికి మరొక గ్రాంటు వస్తే మీ డబ్బు ఏమవుతుంది? అతని విశ్వవిద్యాలయం పరోక్ష ఖర్చుల పేరిట ఎంత మినహాయిస్తుంది? ఈ చివరిదాని మీద దాతలకు కోపం రావడం సహజం గానీ, కరెంటు, భవనం, రసాయన వ్యర్థాల పారవేత, భద్రత ఇవన్నీ నిజమైన ఖర్చులే. పూర్తిగా నిరాకరిస్తే ఆ భారం చివరకు ఫెలో మీదనే పడుతుంది. గేట్స్ ఫౌండేషన్ వంటి పెద్ద సంస్థే విశ్వవిద్యాలయాలకు పది శాతం వరకు అనుమతిస్తుంది కాబట్టి మీరూ ఆ హద్దు దగ్గర ఆగడం న్యాయంగా ఉంటుంది.

ఎంపికలో కుటుంబానికి ఓటు ఉండకూడదు. ఇది కఠినంగా వినిపించినా తప్పదు. మీకు నచ్చిన అభ్యర్థి బాగా మాట్లాడేవాడు కావచ్చు, మీ అమ్మగారి వ్యాధి పేరును దరఖాస్తులో పదిసార్లు రాసినవాడు కావచ్చు. అవి శాస్త్రీయ యోగ్యతకు కొలమానాలు కావు. ఎంపిక సంఘాల్లో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను: అన్నిటికంటే విలువైన సమాచారం ముఖాముఖిలో, తన ఆలోచన తప్పని ఏ ప్రయోగం తేల్చగలదని అడిగినప్పుడు అభ్యర్థి ఇచ్చే జవాబులో దొరుకుతుంది. తన ఆలోచన ఎక్కడ విరుగుతుందో తెలిసినవాడే దాన్ని సొంతంగా ఆలోచించినవాడు. మార్గదర్శకుడి ఆలోచనను అరువు తెచ్చుకున్నవాడు అక్కడ తడబడతాడు. వ్యాసాలు అచ్చయిన పత్రికల పేర్లను బట్టి మనిషిని తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న ప్రకటన మీద ఎన్నో సంస్థలు సంతకం చేశాయి. మీరు ఎంచుకునే సంస్థ ఆ మాటను ఆచరణలో పాటిస్తోందో లేదో కనుక్కోండి. ఎంపిక కానివారికి కారణాలు తెలియజేయమని కూడా అడగండి. దానికి అయ్యే ఖర్చు స్వల్పమే గానీ, మరుసటి ఏడాది మరోచోట దరఖాస్తు చేసుకునేవారికి అది ఎంతో ఉపకరిస్తుంది.

మీరు పెట్టదగిన షరతులు కొన్ని ఉన్నాయి. ఫలితాలు, వాటి వెనుక ఉన్న కొలతలు అందరికీ ఉచితంగా అందుబాటులో ఉండాలి. ఆశించినది జరగలేదని తేలిన ప్రయోగాలను కూడా ప్రచురించాలి, ఎందుకంటే మూసిన దారి ఏదో తెలియకపోతే మరొకరు అదే దారిలో సంవత్సరాలు పోగొట్టుకుంటారు. సంవత్సరానికి ఒకసారి, సైన్సు చదవనివారికి అర్థమయ్యే భాషలో ఒకటి రెండు పేజీల నివేదిక ఇవ్వాలి. పేటెంటులో వాటా అడగవద్దు; ఆ అడగడం వల్ల విశ్వవిద్యాలయపు న్యాయవాదులతో నెలలు గడిచిపోతాయి. ప్రశ్న మార్చుకునే స్వేచ్ఛను ఫెలోకు తప్పకుండా ఇవ్వండి. రెండవ సంవత్సరంలో అసలు ఆలోచన తప్పని తేలి, దారిలో కనబడిన మరొక సంగతి ముఖ్యమని తోస్తే, దరఖాస్తులో రాసిన వాక్యానికి అతన్ని కట్టిపడేయడం ఎవరికీ మేలు చేయదు. ఇంకొక్క మాట, ఎంతో అభిమానంతోనే చెబుతున్నాను: రేపు బంధువుల్లో ఎవరికైనా ఈ వ్యాధి వస్తే, చికిత్స సలహా కోసం ఆ యువ శాస్త్రవేత్తకు ఫోన్ చేయవద్దు. అతను వైద్యుడు కాకపోవచ్చు. దాత అడిగినప్పుడు కాదనలేని ఇరకాటంలో మాత్రం పడతాడు.

మొత్తాన్ని బ్యాంకులో ఉంచి వడ్డీతో శాశ్వతంగా నడపాలన్న ఆలోచన నాన్నగారికి రావచ్చు. శాశ్వతం అనే మాటలో ఊరట ఉంటుంది, నేను కాదనను. కానీ మీరు చెప్పినపాటి మొత్తం మీద వచ్చే వడ్డీ ఒక మనిషి జీతానికి కూడా చాలదు. అలాంటి నిధులు చివరకు ప్రయాణపు ఖర్చులకూ చిన్న బహుమతులకూ పరిమితమవుతాయి. ఉన్న మొత్తాన్ని ఒకరి తరువాత ఒకరుగా ఇద్దరు ఫెలోలకు, ఒక్కొక్కరికి నాలుగేళ్ల చొప్పున పూర్తిగా ఖర్చుచేసే ఏర్పాటు చేయండి. ఇద్దరికి సరిపోదని లెక్క తేలితే ఒక్కరికే ఇవ్వండి. అయిదుగురికి ఆరేసి నెలలు పంచడం కంటే అది ఎన్నో రెట్లు నయం. తరువాత ఏమి చేయాలో ఎనిమిదేళ్ల నాటికి మీ చేతిలో ఉన్న అనుభవమే చెబుతుంది.

చాలా సంస్థలు దరఖాస్తులను సంవత్సరానికి ఒకటి రెండు సార్లు మాత్రమే తీసుకుంటాయి, కొత్త ఫెలోషిప్‌ను ప్రకటించడానికి వాటికి కొన్ని నెలల ముందుగా ఒప్పందం చేతిలో ఉండాలి. అందుచేత మొదట రెండు మూడు సంస్థలకు పైన చెప్పిన ప్రశ్నలతో ఉత్తరాలు రాయండి. జవాబులు వచ్చాక అన్నగారిని కూడా కూర్చోబెట్టుకుని చదవండి. క్లోమగ్రంథికి ప్రాధాన్యం ఇచ్చే వాక్యాన్ని ఆయన చేతనే రాయించండి. సంతకానికి ముందు ఒక న్యాయవాదికీ, మీ కుటుంబంతో గానీ ఆ సంస్థతో గానీ సంబంధం లేని ఒక జీవరసాయన శాస్త్రవేత్తకూ ఆ ఒప్పందాన్ని చూపించండి.